బోటు బెల్టుకి తూకంగుండు

ముందు మీ గ్లాసులు కింద ఎట్టీయండి. మధ్యలో నవ్వొచ్చి టీ పొలమారితే పూచీ నాది కాదు. మొన్న ఓ కడుపుతో ఉన్న పిల్లకి ఎల్లాల్సిన సలిమిడి నా మూలాన నడిసముద్రంలో ఆగిపోనాది. నడిసముద్రమంటే మరీ నడిమి కాదులే, ఒడ్డు కనిపిస్తానే ఉన్నాది. ఈత రానోడికి ఎక్కడైనా నడిమే కదా!

నాను ఈ ఆమదాలవలస మిల్లు మానీసి బోటు మీదకి ఎల్లానని మీకు తెలుసు. అక్కడ నా పనేటో తెల్దు కదా, సెప్తాను. నౌపడ దాటి, ఉప్పుమడులు దాటి ఎల్తే ఉప్పుటేరు సముద్రంలో కలిసే సోటు ఒకటి ఉన్నాది. దాన్ని అక్కడోళ్ళు మొగ అంటారు. అక్కడ అప్పన్న అని సేపలోల ఆసామి, కొత్తగా ఇంజను బోటు ఏయించాడు. సుక్కాని ఆయన పడతాడు, ఇంజను నాను సూస్తాను. ఆ ఊర్లో తెరసాప గురించి అడిగితే ఎవుడైనా సెప్తాడు గానీ, ఇంజనుకి మూతెక్కడున్నాదో ఎవుడికీ తెల్దు. అందుకని నాకు పెద్ద మర్యాద. "మిల్లు బాబొచ్చాడు, జరగండ్రా" అనీవోరు. జరిగీవోరు కూడా.

జరగనిది ఒక్క మనిసే. అప్పన్న తల్లి నూకాలమ్మ.

నెత్తిన సేపల గంప ఎట్టుకుని ఊళ్ళన్నీ తిరిగిన మనిసి. ఇంజను బోటంటే మంట. "ఆ కూతకి సేపలు పారిపోవేటిరా? నాను ఎక్కను, నా తద్దినం కూడా దాన్లో తేకండి" అనీది. అలాంటి మనిసి మొన్న దిగొచ్చింది. కూతురికి కడుపు. సూడిదలు తీసుకెల్లి, ఒడిలో సలిమిడి ఎట్టాలి. కూతుర్ని ఇచ్చింది ఎగువన ఇంకో సేపలోల ఊరు. రోడ్డు మీద ఎల్తే రైలెక్కి, బస్సెక్కి, ఆ పైన సలిమిడి బిందె నెత్తినెట్టుకుని ఇసకలో ఈదాలి. బోటు మీదైతే పొద్దున్న బయల్దేరి భోజనాల ముందే దిగిపోవచ్చు. మాఘమాసం, సముద్రం కూడా సల్లగా ఉన్నాది.

"ఒక్కపాలికి ఎక్కుతాను" అన్నాది. "పొద్దు నడినెత్తికి రాకముందే సలిమిడి దాని ఒడిలో పడాలి. ఒరే మిల్లోడా, నీదే పూచీ!"

"నాదే పూచీ" అన్నాను. అప్పుడే నోరు మూసుకుని ఉంటే సరిపోను.

ముందురోజు ఇంజనంతా సూద్దామని లోనికి దిగాను. ఇంజనుకి ముందు పక్క ఒక పుల్లీ ఉంటాది. దాని పక్కనే సిన్న పంపు, దానికొక పుల్లీ. రెండిటికీ కలిపి బెల్టు. ఇంజను తిరిగితే బెల్టు పంపుని తిప్పుతాది, పంపు సముద్రపు నీళ్ళు పీల్చి ఇంజను సుట్టూ తిప్పి, బోటు పక్కనున్న కన్నంలోంచి బయటకి ఉమ్ముతాది. అలగ ఉమ్ముతన్నంత సేపూ ఇంజను సల్లగా ఉన్నట్టు. అంతే. మన మిల్లు బెల్టులతో పోలిస్తే అది మొలతాడు.

సూస్తే బెల్టు కింద నల్లటి పొడి రాలున్నాది. బెల్టు ఒక పక్కే అరిగిపోయి దారాలు తేలాయి. పంపు కాలు కదిపితే కొంచెం ఆడింది. బోల్టు వదులయ్యి పంపు పక్కకి జరిగింది, అందుకే బెల్టు ఒరుసుకుంటన్నాది. పంపుని ఎనక్కి జరిపి, బోల్టు బిగించీసి, కొత్త బెల్టు ఏసీసుంటే ఒక బీడీ కాల్చినంత సేపట్లో అయిపోను.

బోల్టు బిగించడానికి మిల్లు బాబే కావాలేటి? అప్పన్న పైన కూకుని సూస్తన్నాడు. ఆ ఎదవ ఉత్సాహం వచ్చీసింది నాకు.

"అప్పన్నా, ఇది అలైన్‌మెంటు దోషం" అన్నాను.

"ఓలమ్మో" అన్నాడు. ఆ మాట ఎప్పుడూ ఇన్లేదు కదా. "ఇప్పుడేటి సెయ్యాలి?"

"పుల్లీ తిన్నగా నిలబడ్డాదో నేదో కొలవాలి. తూకంగుండు కావాలి."

మన మిల్లులో పుల్లీలు ఎలగ నిలబెడతారో మీకు తెలుసు కదా. తూకంగుండు ఏలాడదీసి, దారానికి పుల్లీ సమంగా వచ్చిందో నేదో సూస్తారు. నానూ అదే సేసాను. ఊర్లో గోడ కడతన్న తాపీమేస్త్రి కాడికెల్లి గుండు అడిగాను. "బోటులో గోడ కడతావేటి?" అన్నాడు. నీకు తెల్దులే అని నవ్వీసి తెచ్చీసాను. ఆ మనిసి కాళ్ళు ఇప్పుడు దొరికితే దండం ఎడతాను.

ఇక్కడ ఒక ముక్క ఇనండి. అప్పుడు ఏట్లో పాటు. అంటే నీరు తీసీసి ఉన్నాది. బోటుని గట్టు మీదకి లాగీసి ఉంచారు. ముక్కు పైకి, తోక బురదలోకి. నాను లోన కూకున్నాను కాబట్టి నాకది బోటు, అంతే. ముక్కెక్కడుంటే ఏటి, తోకెక్కడుంటే ఏటి?

పైదూలానికి మేకు కొట్టి గుండు ఏలాడదీసాను. పంపు పుల్లీ కాడ సూస్తే దారం పైన తగిలి కింద ఏలంత దూరంగా ఉన్నాది. "సూసావా, వంకర!" అన్నాను. తర్వాత ఇంజను పుల్లీ కాడ సూసాను. అదీ అంతే. అదే వంకర, అంతే వంకర.

బావా, నువ్వు సెప్పు. రెండూ ఒక్కలాగే ఒంగున్నాయంటే మామూలు మనిసి ఏటనుకుంటాడు? రెండూ సరిగ్గానే ఉన్నాయి, నేలే ఏటవాలుగా ఉన్నాది అనుకుంటాడు. నానేటనుకున్నాను? రెండూ సెడిపోనాయి అనుకున్నాను!

"ఇంజను కూడా ఒంగిందేటిరా?" అన్నాడు అప్పన్న, బెంగగా.

"ఒంగింది. దాన్ని కదపడం మన వల్ల కాదు. పంపునైనా తిన్నగా సేద్దాం. ఒకటైనా సరిగ్గా ఉండాలి కదా."

పంపు కాళ్ళ కింద ఒక పక్క వాసర్లు దూర్చాను. గుండు ఏలాడదీసాను. సాల్లేదు. ఇంకా దూర్చాను. మధ్యాన్నం దాటీసింది, అన్నం కూడా తిన్నేదు. ఆకరికి దారానికి పుల్లీ అంటుకుపోనట్టు నిలబడ్డాది. ఎంత ఆనందమో! అప్పన్నని లోనికి పిలిసి సూపించాను. ఆయన బెల్టు ఏసీదాకా ఉండి, తల పక్కకి ఒంచి సూసి, "ఒరే సిమ్మాసలం, బెల్టు ఏటో అడ్డంగా పోతన్నట్టు నేదూ?" అన్నాడు.

"కొత్త సెప్పులు కరవ్వేటి? తిరిగితే అదే సర్దుకుంటాది" అన్నాను.

ఒకపాలి తిప్పి సూద్దామంటే బురదలో ఉన్నాం, పంపు బురద పీల్చీస్తాది. సర్లే అని తుడుచుకుని ఎల్లిపోనాను. గుండు అక్కడే ఏలాడతన్నాది. తియ్యడం మరిసిపోనాను.

మర్నాడు పొద్దున్న పోటు వచ్చి బోటు తేలింది. వలలన్నీ దించీసి, పసుపు నీళ్ళతో కడిగీసి, ముక్కుకి పూలదండ ఏసారు. నూకాలమ్మ జరీ సీర కట్టుకుని, సలిమిడి బిందె ఒళ్ళో ఎట్టుకుని ఇంజను మూతకి ఎదురుగా కూకున్నాది. అప్పన్న పెళ్ళాం, సుట్టాల ఆడోళ్ళు గంపలతో సుట్టూ సర్దుకున్నారు. నాను ఇంజను తిప్పాను. డబ్బుడబ్బుడబ్బు అని అందుకున్నాది. దాంతో పాటు ఇంకో కూత. కీఁ... అని.

"ఒరే, లోన కుక్కపిల్లని తొక్కీసారేటిరా?" అన్నాది నూకాలమ్మ.

"కొత్త బెల్టమ్మా."

"కొత్తదైతే ఏడవడం దేనికి?"

బెల్టు అరిస్తే సబ్బు రాయడం మనకి అలవాటే కదా. "సబ్బుందా" అని అడిగాను. అప్పన్న పెళ్ళాం గంపలోంచి తీసిచ్చింది. కడుపుతో ఉన్న ఆడపడుసు కోసం కొన్న వాసన సబ్బు, కాగితం కూడా ఇప్పనేదు. తిరుగుతన్న బెల్టుకి అలగ ఆనించాను. కూత ఠక్కున ఆగిపోనాది. ఇంజను గదిలోంచి గులాబీల వాసన! ఆడోళ్ళు ముక్కులు ఎగబీల్చారు. "పరవాలేదు, మిల్లోడికి పనొచ్చు" అన్నాది నూకాలమ్మ. అదిగో, ఆ మాటకి నాను ఉబ్బిపోనాను.

మొగ దాటేటప్పుడు అలలుంటాయి కదా, అప్పన్న "కొంచెం గట్టిగా ఇయ్యి" అని కేకేసాడు. ఇచ్చాను. సబ్బంతా నురగైపోయి నా మొహం మీద పడతన్నాది. మళ్ళీ కూత. మళ్ళీ సబ్బు. మొగ దాటాం. ఒడ్డెంబడి ఎగువకి తిరిగాం. సబ్బు బిళ్ళ అరిగి అరిగి నా ఏళ్ళలోంచి జారిపోనాది. తర్వాత రబ్బరు కాలిన వాసన. తర్వాత టప్! బెల్టు తిరగబడి, గాడి తప్పి, పేలికలై నా సెవి పక్కనుంచి ఎగిరిపోనాది.

తల బయటెట్టి సూసాను. కన్నంలోంచి నీరు రావటం నేదు. ఇంజను మీద సెయ్యి ఎయ్యబోతే ఆవిరి కొట్టింది. ఆపీసాను.

ఇంజను ఆగిపోతే సముద్రం ఎంత సప్పుడు సేస్తాదో నాకు అప్పుడే తెలిసింది.

అప్పన్న గబగబా లంగరు ఏసీసాడు. నేదంటే గాలికి ఒడ్డు మీదకి కొట్టుకుపోదుం. "ఏటైంది?" అన్నాడు.

"బెల్టు."

"నిన్న పొద్దస్తమానం బాగు సేసావు కదరా?"

ఇంజనుకేసి తిరిగిపోనాను.

పైన ఆడోళ్ళ మాటలు మొదలయ్యాయి. పొద్దు ఎంతెక్కిందో సూస్తన్నారు. అలల మీద ఊగతన్న బోటులో నూకాలమ్మ బిందెని రెండు సేతుల్తో కావలించుకున్నాది. ఇంతలో ఓ తెప్ప మీద ఇద్దరు ముసిలోళ్ళు మా పక్కగా వచ్చారు. "ఏటే నూకాలప్పా, బండికి మేత ఎయ్యలేదేటి? ఆ బిందె ఇలగియ్యి, మేం ముందెల్లి ఇచ్చీస్తాం" అన్నారు. ఆళ్ళు మంచికే అన్నారు.

"నా కూతురికి సలిమిడి నాను ఎడతాను. మీరెల్లండి" అన్నాది. గొంతు గట్టిగానే ఉన్నాది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూతురికి తొలి కడుపు మరి. ఇన్నాళ్ళ బట్టీ కొడుకు బతిమాలితే ఎక్కని మనిసి, నా మాట మీద ఎక్కింది.

మళ్ళీ లోనికి దిగాను. దగ్గర ఇంకో బెల్టు ఉన్నాది. అదొక్కటే. ఏద్దామని ఆనించి సూస్తే, ఇదీ ఇంజను కాడ ఒకలాగ, పంపు కాడ ఇంకోలాగ, అడ్డంగా దిగతన్నాది. ఏస్తే ఇదీ తెగిపోతాది. మరి పంపు తిన్నగా ఉన్నాది కదా! నిన్న గుండుతో కొలిసి...

తలెత్తాను. గుండు ఎదురుగానే ఏలాడతన్నాది. అలొచ్చి బోటు ముక్కు లేస్తే గుండు తోకేపు ఎల్తన్నాది. ముక్కు దిగితే గుండు ముందుకి ఎల్తన్నాది. ఒకపాలి పుల్లీకి తగలతన్నాది, ఒకపాలి జానెడు దూరం పోతన్నాది. ఇందులో ఏది తిన్ననరా దేవుడా అనుకున్నాను. అప్పుడు బుర్రలో పడ్డాది. గట్టు మీద ముక్కు పైకెత్తి ఉన్న బోటులో కూకుని, నేలకి తిన్నగా పంపుని నిలబెట్టాను నాను. పుల్లీకి నేలతో పనేటి? పక్క పుల్లీతో కలిస్తే సాలు. బోల్టు బిగిస్తే కలిసిపోయే రెండిటినీ విడగొట్టి, ఒకదాన్ని మేస్త్రి గోడలాగ కట్టాను!

అక్కడే సతికిలబడ్డాను. నవ్వకండ్రా, ఇంకా ఉన్నాది.

"దొరికిందా?" అని అప్పన్న పైనుంచి.

"దొరికింది."

"ఏటది?"

"తర్వాత సెప్తాను."

వాసర్లన్నీ పీకీసాను. ఇంజను కాలతన్నాది, సెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ సురుక్కు. నట్టు ఒకటి జారి అడుగున నీళ్ళలో పడ్డాది. ఆ సమురు నీళ్ళలో బోర్లా పడుకుని దేవి దేవి తీసాను. ఇప్పుడు రెండు పుల్లీలూ ఒక్క వరసలో ఉన్నాయో నేదో సూడాలి. దానికి తూకం కాదు, లాగిపట్టిన దారం కావాలి. రెండు పుల్లీల మొహాల మీదుగా దారం లాగితే, దీనివి రెండంచులూ, దానివి రెండంచులూ, నాలుగూ తగలాలి. ఏ అంచు కాడ సందుంటే అటు వంకర. దారం ఎక్కడున్నాది? వలలన్నీ దించీసారు కదా. గుండుకున్నదే తెంపాను. గుండుని మూలకి ఇసిరీసాను.

ఇంకో సివర పట్టుకోడానికి మనిసి కావాలి. అప్పన్న దిగబోతే భుజాలు పట్టనేదు, మూత కన్నం సిన్నది. ఆడోళ్ళు మొహాలు సూసుకున్నారు. నూకాలమ్మ బిందెని కోడలి ఒళ్ళో ఎట్టి, జరీ సీర గోసీ పోసి దిగిపోనాది.

"ఏది పట్టాలి?"

"ఆ పుల్లీ అవతల అంచు కాడ ఆనించి లాగి పట్టమ్మా. తగిలిందా?"

"ఈ అంచు తగిలింది. ఆ అంచు కాడ సందున్నాది."

"ఎంత?"

"గోరు దూరతాది."

సెక్కముక్క ఆనించి సుత్తితో పంపుని మెల్లగా కొట్టాను. "ఇప్పుడు?"

"ఎక్కువ కొట్టీసావు. ఇప్పుడు ఇటేపు సందు."

మళ్ళీ కొట్టాను. "ఆఁ. నాలుగూ తగిలాయి" అన్నాది. పానాతో బిగించాను. బిగిస్తన్నప్పుడు పంపు మళ్ళీ పిసరంత తిరిగీసింది. "జరిగిందిరా మిల్లోడా!" అన్నాది. మళ్ళీ వదులు సేసి, మళ్ళీ దారం లాగి, ఈపాలి ఈ మూలదొకటి ఆ మూలదొకటి కొంచెం కొంచెంగా బిగించాను. అంతసేపూ బోటు ఊగతానే ఉన్నాది, మా ఇద్దరి తలలూ దూలానికి కొట్టుకుంటానే ఉన్నాయి. ఆవిడ దారం మాత్రం వదలనేదు. ఒక్కపాలి కూడా తిట్టనేదు. ఆవిడ తిట్టకపోతేనే నాకు బయమేసింది.

బెల్టు ఏసి బొటనవేలితో నొక్కి సూసాను. సరిగ్గా ఉన్నాది. ఇంజను సల్లారేదాకా ఆగి, తిప్పాను. డబ్బుడబ్బుడబ్బు. కూత నేదు. పైకెల్లి కన్నంకేసి సూస్తన్న నూకాలమ్మ ఒక్క కేకేసింది.

"ఉమ్మిందిరా! ఉమ్మింది!"

మొత్తానికి ఆ ఊరి ఒడ్డుకి సేరేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి ఎక్కనేదు. ఎక్కబోతన్నాది. కూతురి అత్తోరోళ్ళంతా ఇసకలో ఎదురుసూస్తన్నారు. నూకాలమ్మ దిగీ దిగ్గానే పరుగున ఎల్లి, పీట మీద కూకోబెట్టిన కూతురి ఒడిలో సలిమిడి ఎట్టీసింది. ఆ తొందర్లో సేతులు సూసుకోనేదు. తెల్లటి సలిమిడి ముద్ద మీద నల్లగా ఐదు వేళ్ళ ముద్ర! కడుక్కోమని అంటే సబ్బేదీ? బెల్టుకి అరగదీసీసాను కదా. ఆ పిల్ల ముద్దకేసి సూసింది, తల్లి సీరకేసి సూసింది, పకపకా నవ్వడం మొదలెట్టింది. ఎంతకీ ఆపదు. "ఇంక సాల్లేవే, ఇక్కడే పురుడొచ్చీగల్దు" అని అత్తగారు నీళ్ళు తాగించింది. నల్లగున్నంత మేర గిల్లీసి, మిగతాది అందరికీ పంచారు. నాకూ ఎట్టారు. కొంచెం సమురు వాసనేసింది గానీ, బాగున్నాది.

ఆ అత్తగారు నాకేసి సూసి, "ఈ నల్లటోడు ఎవరు వదినా?" అని అడిగింది. నాను పుట్టిన రంగే అదనుకున్నాది, మొహమంతా సమురు మరి.

"మా డ్రైవరు" అన్నాది నూకాలమ్మ. "నేల మీదైతే ఈడికి తిరుగు నేదు."

సాయంత్రం తిరిగి రావాలి. నూకాలమ్మ, ఆడోళ్ళు, గంపలు, అందరూ ఇసకలో నడుసుకుంటా బస్సుకి ఎల్లిపోనారు. బోటులో నాను, సుక్కాని కాడ అప్పన్న.

ఇదిగో, ఒట్టు, ఆ సాయంత్రం ఆ బెల్టు తిరిగినట్టు ఏ బెల్టూ తిరగడం నాను సూడనేదు. కూత నేదు, వణుకు నేదు, పొడి నేదు. గాడిలో కూకుని మెత్తగా పోతన్నాది. కన్నంలోంచి నీరు ధారగా పడతన్నాది. సూడ్డానికి మాత్రం ఒక్క మనిసి నేదు. "అప్పన్నా, ఒక్కపాలి వచ్చి సూడు" అన్నాను. అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. మొగ కాడికి వచ్చేసరికి సముద్రపు కాకి ఒకటి వచ్చి ఇంజను మూత అంచు మీద వాలింది, లోనికి తొంగి సూసింది. ఒక్కటైనా దొరికిందిరా అనుకుని, "సూసావా, దారం లాగితే నాలుగంచులూ తగలాలి" అని దానికి సెప్పడం మొదలెట్టాను.

సగంలోనే ఎగిరిపోనాది.